మూత మీది గోధుమలు

ఏల్వా ట్రెక్యూల్ పలుగు ఎత్తి దించాడు. గడ్డకట్టిన నేల రాయిలా మోగింది కానీ పగల్లేదు. మొనను కొంచెం పక్కకు జరిపి మళ్లీ అదే గీత మీద దించాడు. నాలుగు దెబ్బలకు పెచ్చు లేచింది. దాన్ని అతను పక్కకు విసరలేదు. వంగి రెండు చేతులతో ఎత్తి, గుంతకు ఎడమవైపు పరిచిన ఉతికిన గుడ్డ మీద పెట్టాడు. పై మట్టి ఒక గుడ్డ మీద, నడిమి మట్టి ఇంకో గుడ్డ మీద, పెట్టె మూతకు అంటిన మట్టి మూడో గుడ్డ మీద పడాలి. ఒకదానిలో ఒకటి కలవకూడదు. షార్త్రు పట్నం నుంచి కోర్టు పంపిన రసాయనికుడు వోద్రే పొద్దున్నే వచ్చి చెప్పిన మాట అది.

గుంతలో ఉన్నది ఏల్వా మేనల్లుడు ఆన్సెల్మ్. కిందటి విత్తుల కాలంలో వాంతులు పట్టుకుని, మంచం మీద మెలికలు తిరిగి చనిపోయాడు. నోరు మూతపడకుండానే పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. పెళ్లాం జేలీ పాషాణం పెట్టి చంపిందని అతని తల్లి పెత్రోనీల్ కేసు పెట్టింది. జేలీ కొట్లో పాషాణం కొన్నమాట నిజం. ఆన్సెల్మ్ ఆమెను కొట్టేవాడన్నదీ నిజమే. ఆమె కుడిచేతి చిటికెనవేలు వంకరగా అతుక్కుని ఉండేది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెడితే ఊరికి మూడోది అక్కర్లేకపోయింది. ఇక శవంలో పాషాణం దొరికితే షార్త్రు చౌకులో కత్తి కిందికి జేలీ మెడ వెళ్తుంది.

ఆమెను ఆ రోజు బండిలో తీసుకొచ్చారు. శవం ముందు నిలబెట్టి ముఖం ఎలా మారుతుందో చూడడం అప్పటి మేజిస్ట్రేట్ల పద్ధతి. చేతులు ముందుకు కట్టేశారు. జుట్టు జైల్లో కత్తిరించారో, దార్లో ఆడవాళ్లు పీకేశారో గానీ నెత్తి మీద అక్కడక్కడ నెత్తురు చారలున్నాయి. ఇద్దరు గుర్రపు పోలీసులు బండికి చెరోపక్క నిలబడ్డారు. శ్మశానం గోడ మీదా, గోడ పొడవునా ఊరంతా చేరింది.

"ఏం జేలీ, మొగుడికి ఆకలేస్తోందట, సూపు తెచ్చావా?" అని కమ్మరి గాస్పార్ కేకేశాడు.

"ఉప్పు సరిపోయిందో లేదో ఈ పట్నం దొర రుచి చూసి చెప్తాడులే!" అంది ఎవరో ఆడది. జనం నవ్వారు. నవ్వుతూనే ఒకడు మంచుగడ్డ విసిరాడు. అది జేలీ నోటి మీద తగిలింది. ఆమె ఉమ్మితే బండి పలక మీద నెత్తురుతో పాటు పన్ను ముక్క పడింది.

"మళ్లీ విసిరితే గుర్రంతో తొక్కిస్తాను," అన్నాడు పోలీసు. గోడ మీంచి ఎవరూ దిగలేదు.

ఏల్వా తల ఎత్తలేదు. అతనికి గుంత తవ్వుతున్నప్పుడు తల ఎత్తే అలవాటు లేదు. ఆ అలవాటు సైన్యంలో పోయింది. కుర్రతనంలో చక్రవర్తి సైన్యంలో చేరి రష్యా దాకా నడిచాడు. తుపాకీ కంటే పలుగే ఎక్కువ పట్టాడు. అక్కడ నేల గడ్డకట్టినప్పుడు చచ్చినవాళ్లను పొరలుగా పేర్చేవారట. ఒకసారి అలా పేరుస్తుంటే ఒకడి చెయ్యి కదిలిందనీ, పై అధికారి "పూడ్చు" అన్నాడనీ, తను పూడ్చలేదనీ, అందుకు కొరడా దెబ్బలు తిన్నాననీ చెప్పేవాడు. వీపు మీద మచ్చలుండేవి. తిరిగొచ్చాక మా ఊళ్లో బావులూ, కాలవలూ, సమాధులూ తవ్వాడు. అతను తవ్విన గుంత గోడలు కత్తితో కోసినట్టుండేవి. శవపెట్టెలు చేసే వడ్రంగిని నేను. అతని గుంతలో పెట్టె ఎప్పుడూ పక్కకు ఒరిగేది కాదు.

మేనల్లుడి శవాన్ని మామే తవ్వడం బాగాలేదని మేజిస్ట్రేటు అన్నాడు. కానీ ఆ చలిలో దిగడానికి ఇంకెవడూ ఒప్పుకోలేదు. పైగా ఏల్వా కూడా ఆ రోజు పొద్దుటిదాకా అక్క మాటే నమ్మాడు. బండి వచ్చినప్పుడు జేలీ "మామయ్యా" అని పిలిస్తే అతను మొహం తిప్పుకున్నాడు. అది అందరం చూశాం.

పలుగు పని అయిపోయి పార పని మొదలైంది. చివరికి పార కూడా పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. పెట్టె మూత కనబడింది. అది చౌక పోప్లార్ చెక్క. నేల బరువుకు నడిమి పలక విరిగి లోపలికి కుంగింది. ఆ కుంగిన చోట, పలకల సందుల్లో, తెల్లగా గింజలు.

ఏల్వా చేతులు ఆగాయి.

గోధుమలు. మొలకెత్తలేదు, కుళ్లలేదు. ఒక్కొక్క గింజా తెల్లటి పూతతో అచ్చం చల్లిన రోజులాగే ఉంది. అవి ఎక్కడివో అతనికి తెలుసు. గోడ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. మా వైపు విత్తులప్పుడు రైతు చనిపోతే, ఇరుగుపొరుగు రైతులు గుంతలో మట్టికి బదులు తలా గుప్పెడు విత్తనాలు వేస్తారు. తన సంచీలోంచి, తన చేత్తో. అవతలి లోకపు పొలంలో అతనికి వట్టి చేతులుండకూడదని. ఇది కిరస్తానీ పని కాదని ఫాదరీ గారు పీఠం మీంచి తిట్టి మాన్పించారు. మాన్పించాననే అనుకుంటున్నారు. ఆయన జపం ముగించి గుడి తలుపు వేసుకున్నాక జనం వెనక్కి వచ్చి వేస్తారు.

ఆ విత్తనాన్ని కాటుక తెగులు పట్టకుండా సున్నంలో, పాషాణంలో నానబెట్టి ఆరబోస్తారు. జేలీ పాషాణం కొన్నది అందుకే. ఆ వారం ఊళ్లో అందరూ కొన్నారు.

"ఏంట్రా ఆగిపోయావు?" పెత్రోనీల్ గుంత అంచుకు వచ్చి వంగింది. "నా బిడ్డ కనబడ్డాడా?"

"కనబడ్డాం అక్కా, మనమే," అన్నాడు ఏల్వా మెల్లగా. ఒక గింజ ఎత్తి చూపించాడు.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. మొదటి గుప్పెడు వేసింది ఆమే. కొడుకు సంచీలోంచి తీసి వేసింది. ఆ సంగతి ఆమె ముఖంలోకి వచ్చి, వెంటనే వెళ్లిపోయింది.

"తుడిచెయ్యి," అంది.

"అక్కా..."

"తుడిచెయ్యమంటున్నాను. ఒరే ఏల్వా, వాడు నా ఒళ్లో కొట్టుకుని కొట్టుకుని చచ్చాడు. దాని మెడ తెగాలి. నువ్వు నా తోడబుట్టినవాడివైతే ఆ మూత తుడిచి పైకి ఎక్కు."

ఏల్వా వంగాడు. దోసిట్లో గింజలూ, వాటికంటిన మట్టీ ఎత్తి మూడో గుడ్డ మీద పోశాడు. మళ్లీ వంగి ఇంకో దోసిలి. తర్వాత తాళ్లు వేసి పెట్టె పైకి లాగించాడు.

శ్మశానం పక్కనే ఖాళీ గొర్రెల దొడ్డి ఉంది. అందులో బల్లలు వేశారు. వోద్రేతో వచ్చిన డాక్టరు మూత ఊడదీస్తే ముందు వరసలో ఉన్నవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి తోసుకున్నారు. చలికి శవం మరీ చెడలేదు గానీ, విరిగిన పలక కింద పొట్ట కుంగి, చర్మం పగిలి ఉంది. జేలీని పోలీసులు రెక్కలు పట్టి దగ్గరికి తెచ్చారు. మేజిస్ట్రేటు ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆమె మొగుణ్ని చూసి, కట్టేసిన చేతులతో అతని కాలి మీద గుడ్డ సర్దింది. అంతే.

"నాటకం!" అని అరిచాడు గాస్పార్.

డాక్టరు కోశాడు. పేగులు ఒక కుండలో, కాలేయం ఇంకో కుండలో. కుండలు కొత్తవి, మరగబెట్టిన నీళ్లతో కడిగినవి. వోద్రే తన పెట్టెలోంచి గాజు సీసా, వంగిన గొట్టం తీశాడు. సీసాలో జింకు ముక్కలు వేసి ఆమ్లం పోశాడు. లోపల నురగ పుట్టి గొట్టం చివర గాలి వచ్చింది. దానికి నిప్పంటించి, ఆ మంట మీద తెల్ల పింగాణీ పళ్లెం పట్టాడు. తీసి చూపించాడు. పళ్లెం తెల్లగానే ఉంది.

"ముందు నా సరుకు శుభ్రమా కాదా చూడాలి," అన్నాడు మేజిస్ట్రేటుతో. "నా జింకులోనే పాషాణం ఉంటే ఆవిడ మెడకు నేను బాధ్యుణ్ని."

తర్వాత పేగులు ఉడికించి వడకట్టిన రసం పోశాడు.  మంట నీలంగా మారింది. పాషాణం కాలితే వచ్చే వెల్లుల్లి వాసన దొడ్డంతా కొట్టింది. వోద్రే పళ్లెం తిప్పాడు. నడి మధ్యలో నల్లటి, అద్దంలా మెరిసే మచ్చ.

పెత్రోనీల్ పెట్టిన కేక గుడి గంటలా ఊరి మీదికి పోయింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఎవరూ ఆపలేకపోయారు. జనం తడికలు విరగ్గొట్టుకుని దొడ్లో పడ్డారు. ఒక పోలీసును గుర్రం మీంచి లాగి కడుపులో తన్నారు. జేలీని చెవి పట్టి ఈడ్చారు. చెవి కింద తెగింది. గాస్పార్ ఆమె మెడ చుట్టూ గొర్రెల్ని కట్టే తాడు వేశాడు. "షార్త్రు దాకా ఎందుకు, ఈ దూలం చాలు!" ఆమె కాళ్లు నేల వదిలాయి. రెండో పోలీసు కత్తి తీసి తాడు కోశాడు. అడ్డం వచ్చినవాడి వేళ్లు కూడా తెగాయి. అతను ఏడ్చిన ఏడుపుకి మిగతావాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు.

ఆ గొడవలో పెత్రోనీల్ మెల్లగా బయటికి వెళ్లింది. మూడో గుడ్డ మీది గింజల్ని మడమతో తొక్కి, గుడ్డతో సహా కాలితో గుంతలోకి తోసింది. ఏల్వా దొడ్డి తలుపు దగ్గర నుంచి అది చూశాడు.

వోద్రే మాత్రం సీసాను రెండు చేతులతో గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సద్దు తగ్గాక సీసా బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"పాషాణం ఉంది," అన్నాడు. "ఎలా వచ్చిందో ఈ పళ్లెం చెప్పదు. నోట్లోంచి పోయిందా, నేల్లోంచి దిగిందా? ఈ పొట్ట మీద పలక విరిగి పడింది. అందుకే మూత మీది మట్టి వేరుగా పెట్టమన్నాను. ఏదది?"

వోద్రే జనం వైపు తిరిగాడు.

"ఈ గుంతలో మట్టి కాక ఇంకేమైనా పడిందా? మీరెవరైనా ఏమైనా వేశారా? సున్నం, మందు, ఏదైనా సరే."

ఊరంతా ఒక్కసారిగా ఫాదరీ గారి వైపు చూసి, వెంటనే నేల చూసింది. ఫాదరీ గారు "నా శ్మశానంలో అలాంటివి జరగవు," అన్నారు. జేలీ నోట్లోంచి మాట రాలేదు. తాడు ఆమె గొంతు నొక్కేసింది. ఏదో చెప్పబోయి దగ్గింది.

ఏల్వా ముందుకు వచ్చి టోపీ తీశాడు.

"విత్తనాలు వేశాం దొరా."

"ఒరేయ్!" అంది పెత్రోనీల్.

"పాషాణం పూసిన విత్తనాలు. నేనూ వేశాను. గాస్పార్ తండ్రి వేశాడు, మేయరుగారి పాలేరు వేశాడు. మొదట మా అక్క వేసింది. ఫాదరీ గారు వెళ్లిపోయాక వేశాం. ఇప్పుడు ఆ మట్టి..."

మాట పూర్తి కాలేదు. గాస్పార్ అతని పారే ఎత్తి కర్ర తిప్పి కొట్టాడు. ఏల్వా తలకు అడ్డం పెట్టిన ఎడమ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వెనక వరసకూ వినబడింది. పార కర్ర కూడా విరిగింది. కింద పడినవాణ్ని ఇంకెవరో డొక్కలో తన్నారు. "సొంత రక్తాన్ని అమ్ముకున్నావురా ముసలి కుక్కా!" పోలీసు తుపాకీ పైకి పేల్చాడు. పొగలో అందరూ వంగారు. ఏల్వా ఒక్కడూ లేచాడు.

నెత్తురు కంట్లోకి కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. విరిగిన చేతిని చొక్కా గుండీల మధ్యలోకి దూర్చాడు.

"ఖాళీ కుండ ఇవ్వండి," అన్నాడు వోద్రేతో.

"నువ్వు దిగలేవు."

"కుండ కొత్తదేగా? కడిగారుగా?"

వోద్రే కుండ ఇచ్చాడు. ఏల్వా గుంత అంచున కూర్చుని కాళ్లు వేలాడేసి జారాడు. కింద పడ్డప్పుడు మూలిగాడు. పైనుంచి మాకు అతని నెత్తి మాత్రం కనబడుతోంది. తొక్కిన గింజలు మట్టిలో కలిసిపోయాయి. అవి పనికిరావని అతనికి తెలుసు. గుంత అంచు మట్టి కూడా వాటిలో పడింది. వాటి జోలికి పోలేదు. పెట్టె లాగినప్పుడు విరిగిన నడిమి పలక ముక్క ఒకటి అడుగున బోర్లా పడి ఉంది. దాన్ని తిప్పాడు. సందులో గింజలు చెక్కకు అంటుకుని అలాగే ఉన్నాయి. గోరుతో గీకి ఒక్కొక్కటీ కుండలో వేశాడు. పెత్రోనీల్ పైనుంచి రాయి పట్టుకుని నిలబడింది. ఏల్వా తలెత్తి చూడలేదు. ఆమె రాయి విసరలేదు, కింద పెట్టనూ లేదు.

గింజలు అయ్యాక గుంత పక్కగోడ మట్టి, గింజలు పడని మూల నుంచి అడుగు మట్టి వేరువేరు గుడ్డ ముక్కల్లో కట్టాడు. నాతో తాడు వేయించుకుని, నడుముకు కట్టుకుని, కుండ చంకలో ఇరికించి, పంటితో మూటలు పట్టుకుని పైకొచ్చాడు.

"ఇవి పలక సందులోవి. ఇది పక్కది. ఇది అడుగుది. కలవలేదు," అని వోద్రే చేతిలో పెట్టాడు.

వోద్రే మొదట కాలేయం రసం పోశాడు. విషం తిన్నవాడికి అది కాలేయంలోకి ఇంకాలి అని మేజిస్ట్రేటుకు చెప్పాడు. మంట మీద పళ్లెం పట్టాడు. ఎంతసేపు పట్టినా తెల్లగానే ఉంది. పళ్లెం మార్చి మళ్లీ పట్టాడు. తెల్లగానే ఉంది. సీసా కడిగి, జింకు మార్చి పక్కగోడ మట్టి, మళ్లీ అలాగే అడుగు మట్టి పెట్టాడు. తెలుపే. గింజల నీళ్లు పోశాడు. పళ్లెం నడుమ మసి కాదు, నల్లటి అద్దమే ఏర్పడింది. పక్కనున్నవాళ్ల ముఖాలు అందులో కనబడ్డాయి. వెల్లుల్లి వాసనకు గాస్పార్ తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"మరి ఎలా చచ్చాడు?" అని పెత్రోనీల్ అడిగింది. ఆ గొంతు ఎవరిదో అనిపించింది.

"పేగు పోటు అయి ఉంటుందమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ నెలలో షార్త్రులోనూ చాలామంది పోయారు. నిజంగా నేను చెప్పలేను. విషం మాత్రం కాదు."

పోలీసులు జేలీ కట్లు విప్పారు. ఆమెకు దారి ఇవ్వడానికి జనం పక్కకు తప్పుకున్నారు గానీ ఒక్కడూ ఆమె వైపు చూడలేదు. క్షమించమని ఆ రోజు ఎవరూ అడగలేదు. తర్వాత కూడా అడిగినట్టు నేను వినలేదు. మా ఊళ్లో పార కర్రతో చెయ్యి విరగ్గొట్టడం తేలిక, ఆ మాట అనడం కష్టం. ఏల్వా చెయ్యి తర్వాత తిన్నగా రాలేదు. ఆ వంకర చేత్తోనే చచ్చేదాకా తవ్వాడు. గాస్పార్ సమాధి కూడా అతనే తవ్వాడు. గోడలు కత్తితో కోసినట్టే తవ్వాడు.

శవాన్ని మళ్లీ పెట్టెలో పెట్టాక నేను కొత్త పలక కొట్టాను. డాక్టరు ఏల్వా చేతికి బద్దలు కట్టి ఇంటికి పొమ్మన్నాడు.

"తవ్విన గుంత తెరిచి వదిలి ఎక్కడికి పోను?" అన్నాడు ఏల్వా.

అతని పార విరిగిపోయింది. జేలీ ఇంటికి వెళ్లి ఆన్సెల్మ్ పార తెచ్చింది. ఇంకోటి ఎక్కడ సంపాదించిందో, తనకూ తెచ్చుకుంది. చెవి నుంచి నెత్తురు మెడ మీద గడ్డకట్టి ఉంది. గొంతు ఇంకా రాలేదు. అతను ఒంటి చేత్తో, ఆమె వంకర వేలితో పూడ్చారు. అడుగు మట్టి అడుక్కి, నడిమిది నడుమకి, పైది పైకి.

"మామయ్యా," అంది ఆమె చాలాసేపటికి, గాలిలాంటి గొంతుతో. "పొద్దున మొహం తిప్పుకున్నావు."

"తిప్పుకున్నాను," అన్నాడు. "ఆ మూల తొక్కమ్మాయ్, బోలుగా ఉంది."

ఆమె తొక్కింది.

మట్టి దిబ్బ చదును అయ్యింది. మా దగ్గర తవ్వినవాడు చివరి మట్టిబెడ్డ ఇంటి పెద్ద చేతిలో పెడతాడు. ఆ పెద్ద దాన్ని సమాధి తలవైపు ఉంచితే పని అప్పగించినట్టు. పెత్రోనీల్ గోడ దగ్గర రాయిలా కూర్చుని ఉంది. చేతిలో ఆ రాయి ఇంకా ఉంది. ఏల్వా వెళ్లి ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విప్పి రాయి తీసి పక్కన పడేశాడు. ఖాళీ అరచేతిలో మట్టిబెడ్డ పెట్టాడు.

ఆమె దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, గోళ్లతో చిదిమి, లోపల తెల్లగా ఏమైనా ఉందా అని వెతికింది.

"మట్టే అక్కా," అన్నాడు ఏల్వా. "వట్టి మట్టి."

ఆమె లేచి, జేలీని దాటుకుని వెళ్లి, చిదిమిన మట్టిని కొడుకు తలవైపు పెట్టింది.